చేరాక మొదటి పూట

లివర్‌పూల్‌లో 144-ఏ, బ్రౌన్‌లో హిల్ అనే ఇల్లు ఏనాడూ లేదు. ఆ నంబరుకు తలుపు లేదు, గుమ్మం లేదు, ఉత్తరం వేయడానికి పెట్టె లేదు. అయినా గత శతాబ్దం మొదట్లో ఆ ఇంట్లో పుట్టినట్టు ప్రభుత్వం ఇచ్చిన కాగితాలున్నవాళ్ళు ఎందరో. నాటింగ్‌హామ్‌లో అలాంటి చిరునామా 700, హక్నల్ రోడ్. పాంటిఫ్రాక్ట్‌లో అయితే 1, పారడైజ్ గార్డెన్స్. స్వర్గంలో తోట, అందులోనూ ఒకటో నంబరు! ఆ చిరునామా కనిపెట్టిన గుమాస్తా ఎవరో గానీ గడుసువాడే.

ఇవన్నీ వర్క్‌హౌస్‌లు. తిండికి గతిలేని వాళ్ళను చేర్చుకుని, పని చేయించి, గంజి పోసే పేదల కొట్లు. బిడ్డ వర్క్‌హౌస్‌లో పుడితే జనన ధ్రువపత్రంలో ఆ సంగతి రాయనక్కర్లేదు, ఏదో ఒక వీధి చిరునామా వేస్తే చాలు అని 1904లో రిజిస్ట్రార్ జనరల్ కింది రిజిస్ట్రార్లకు సూచించాడు. రేపు ఉద్యోగం కోసమో మరో అవసరానికో ఆ కాగితం నలుగురి ముందూ పెట్టాల్సి వస్తే పిల్లలు తలదించుకోకూడదని. ప్రభుత్వాలు చెప్పే అబద్ధాల్లో దయతో చెప్పేవి తక్కువ. ఇది వాటిలో ఒకటి. కాకపోతే 1834లో పేదల చట్టం వచ్చాక ఆ దయ రావడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది. ఈలోగా పుట్టినవాళ్ళకు నిజమే రాసిచ్చారు. ‘యూనియన్ వర్క్‌హౌస్’ అని, నల్ల సిరాతో, కొట్టొచ్చినట్టు.

ఈ గొడవలోకి నన్ను లాగింది మా వియ్యపురాలు. మా అమ్మాయి ఇంగ్లీషు కుర్రాణ్ణి చేసుకుంది. అతని తల్లి యార్క్‌షైర్‌లో పుట్టి పెరిగిన మనిషి, బడి లైబ్రరీలో పనిచేసి రిటైరయింది. మా అమ్మాయి నేర్పిన ప్రకారం నన్ను ‘అన్నయ్యగారూ’ అని పిలుస్తుంది. మా ఇద్దరి మనవరాలికి బళ్ళో కుటుంబ వృక్షం గీసుకురమ్మన్నారు. నా వైపు కొమ్మ నేను రాసిచ్చాను. తన వైపు కొమ్మ కోసం ఆవిడ తన అమ్మమ్మ జనన ధ్రువపత్రం తెప్పించింది. అమ్మమ్మ పుట్టింది ఓ కిరాణా కొట్టు మేడ మీద అని ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్న మాట. వచ్చిన కాగితంలో కొట్టూ లేదు, మేడా లేదు. 1897 జనవరి, యూనియన్ వర్క్‌హౌస్.

ఆవిడ ఆ సంగతి కొడుకుతో చెప్పలేదు. మా ఇంటికి వచ్చి, టీ ముందు పెట్టుకుని తాగకుండా, సంచీలోంచి కవరు తీసి నాకిచ్చింది. “చిన్నదానికి ఇది చెప్పాలంటారా అన్నయ్యగారూ?” అంది. నూట పాతికేళ్ళు దాటిన కాగితం. అందులో ఉన్నవాళ్ళెవరూ లేరు, వాళ్ళను వేలెత్తి చూపిన ఊరూ లేదు. అయినా ఆ గొంతులో జంకు నిన్నటిదిలా ఉంది. సిగ్గు అనేది ఆస్తి కంటే నమ్మకంగా వారసులకు చేరుతుందని అప్పుడే అర్థమైంది.

ఆ సిగ్గు ఊరికే పుట్టలేదు, చట్టం చేసి పుట్టించారు. ఎలిజబెత్ రాణి కాలం నుంచీ, అంటే 1601 చట్టం నుంచీ, పేదవాణ్ణి సాకే బాధ్యత అతని ఊరిది, అంటే చర్చి లెక్కన పారిష్‌ది. ఊళ్ళో ఇళ్ళూ భూములూ ఉన్నవాళ్ళు కట్టే పన్నులోంచి ముసలివాళ్ళకూ విధవలకూ ఇంటి దగ్గరే ఎంతో కొంత ఇచ్చేవారు. పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి ఆ ఖర్చు పెరిగిపోతోందని పన్ను కట్టేవాళ్ళు గగ్గోలు పెట్టారు. 1834లో కొత్త చట్టం వచ్చింది. నాసో సీనియర్, ఎడ్విన్ చాడ్విక్ లాంటి తెలివైనవాళ్ళు దాని వెనక ఉన్నారు. తెలివైనవాళ్ళు కూర్చుని ఆలోచించినప్పుడు పేదవాడు కాస్త జాగ్రత్తగా ఉండాలి. వాళ్ళు తేల్చింది ఒకే సూత్రం: సాయం అడిగినవాడి బతుకు, బయట అందరికన్నా తక్కువ కూలితో బతికేవాడి కంటే అధ్వాన్నంగా ఉండాలి. అప్పుడు గానీ నిజంగా గతిలేనివాడు తప్ప మరొకడు గడప తొక్కడు. పదిహేను వేల దాకా ఉన్న పారిష్‌లను ఆరొందల చిల్లర యూనియన్లుగా కలిపారు. యూనియన్‌కో వర్క్‌హౌస్, దాని మీద గార్డియన్ల బోర్డు. మొగుడు ఒక వైపు, పెళ్ళాం ఒక వైపు, పిల్లలు మరో వైపు. సొంత బట్టలు విప్పించి కట్టగట్టి అటక మీద పెట్టేవారు, యూనిఫాం తొడిగించేవారు. మగవాళ్ళకు రాళ్ళు కొట్టడం, పాత ఓడ తాళ్ళు పీచులు తీయడం. ఆడవాళ్ళకు బట్టలుతకడం, నేల తోమడం. ఆండోవర్‌లో ఎముకలు దంచే పని ఇస్తే, ఆకలికి ఆ ఎముకల మీది కుళ్ళిన మాంసం గీక్కుని తిన్నారని 1845లో బయటపడి దేశమంతా గోల అయింది.

పెళ్ళికాని తల్లికి ఈ చట్టం ఇంకొంచెం ప్రత్యేకంగా వడ్డించింది. అంతకు ముందు పారిష్ పెద్దలు తండ్రిని పట్టుకుని డబ్బు కక్కించేవారు, తమ పన్ను మిగులుతుందని. 1834 చట్టం ఆ దారి దాదాపు మూసేసి, బిడ్డకు పదహారేళ్ళు వచ్చేదాకా భారమంతా తల్లి మీదే పెట్టింది. తప్పు ఖరీదు తెలిస్తే ఆడది జాగ్రత్తగా ఉంటుందట! పదేళ్ళకే ఆ లెక్క తప్పిందని ఒప్పుకోవాల్సి వచ్చింది. 1844లో తల్లి తానే మేజిస్ట్రేట్ల దగ్గరికి వెళ్ళి తండ్రి మీద ఫిర్యాదు చేసే వీలు కల్పించారు. గెలిస్తే వారానికి రెండున్నర షిల్లింగులు, అదీ సాక్ష్యం ఉంటేనే. కొన్ని వర్క్‌హౌస్‌లలో పెళ్ళికాని తల్లులకు పసుపుపచ్చ గౌను వేసేవారు, చూడగానే తెలియాలని. ఆ పద్ధతి మంచిది కాదని ఈ చట్టాన్ని నడిపే కమిషనర్లు 1839లోనే చెప్పారు. చెప్పినా నార్‌ఫోక్‌లోని గ్రెసెన్‌హాల్‌లో వేరే రకం జాకెట్టు వేయించి, వాళ్ళను ‘జాకెట్ ఆడవాళ్ళు’ అని పిలిచారు. ఆ వర్క్‌హౌస్ ఇప్పుడు మ్యూజియం. పిల్లలతో వెళ్ళి చూడొచ్చు.

ఇక ఆ ధ్రువపత్రం సంగతి. ఇంగ్లండ్‌లో 1837 జులై 1 నుంచి జననాలు రాస్తున్నారు. అడ్డంగా గళ్ళు. ఎప్పుడు, ఎక్కడ పుట్టింది. పేరు. ఆడా మగా. తండ్రి పేరు. తల్లి పేరు. తండ్రి వృత్తి. సమాచారం ఇచ్చినవారి సంతకం. మా వియ్యపురాలి అమ్మమ్మ కాగితంలో తండ్రి పేరు గడిలో ఒక అడ్డగీత. అది ఊరికే గీసిన గీత కాదు, స్కేలు పెట్టి గీసినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు. తండ్రి వృత్తి గడిలో మళ్ళీ అదే గీత. 1875 తర్వాత తండ్రి తానే వచ్చి తల్లితో కలిసి సంతకం చేస్తే తప్ప పెళ్ళికాని తల్లి బిడ్డకు తండ్రి పేరు రాయకూడదన్న నియమం వచ్చింది. తల్లి నోటితో చెప్పినా రాసేవారు కాదు. కాబట్టి ఆ గీతకు అర్థం ‘తెలియదు’ అని కాదు, ‘రాలేదు’ అని. తల్లి పేరు పక్కన ‘ఇళ్ళలో పనిమనిషి’. సంతకం దగ్గర గుమాస్తా రాసిన పేరు మధ్యలో ఒక ఇంటూ గుర్తు, ‘ఆమె వేసిన గుర్తు’ అని. ఆ ఇంటూలో ఒక గీత గట్టిగా పడింది, రెండోది సగంలో జారిపోయింది. కలం పట్టడం అలవాటు లేని చెయ్యి.

వెతకాలనుకునేవాళ్ళకు పనికొచ్చే ముక్క ఒకటి. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం ఇప్పుడు నెట్‌లో పెట్టిన జననాల సూచికలో ప్రతి బిడ్డ పేరు పక్కన తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. తండ్రి పేరు లేని బిడ్డకు ఆ చోట ఖాళీ. డబ్బు కట్టి కాగితం తెప్పించకముందే సంగతి చూచాయగా తెలిసిపోతుంది. తెలుసుకోవడానికి సిద్ధపడే వెతకండి.

ధ్రువపత్రం తర్వాత ఇంకేం దొరుకుతుందిలే అనుకున్నాం. దొరికింది. వర్క్‌హౌస్ కాగితాలు చాలావరకు ఆయా కౌంటీల రికార్డు ఆఫీసుల్లో ఉన్నాయి. బాంబులకు తగలబడినవి పోగా, చెత్త కింద పారేసినవి పోగా, మిగిలినవే మోయలేనన్ని. యూనియన్లు లండన్‌లోని పై కార్యాలయంతో నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాలే క్యూ అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో పదహారు వేల పైచిలుకు సంపుటాలు. మేం వెళ్ళింది కౌంటీ ఆఫీసుకు. కలం తీసుకెళ్ళనివ్వరు, పెన్సిలే. స్పాంజి దిండు మీద పుస్తకం పెట్టి, పేజీలు లేవకుండా పైన పూసల బరువు తాడు వేసి చూడాలి. మేం అడిగింది చేరికలు, విడుదలల రిజిస్టరు. రెండు చేతులతో ఎత్తాల్సినంత పుస్తకం. అక్షరాల వరసలో ఉండదు, రోజుల వరసలో ఉంటుంది. 1896 డిసెంబరు నుంచి మొదలుపెట్టాం. వియ్యపురాలు వేలు కాగితానికి తగలకుండా గాల్లో కిందికి జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

పేరు. పుట్టిన సంవత్సరం. పని: పనిమనిషి. మతం: చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్. ఏ పారిష్ నుంచి. ఎవరి ఉత్తర్వు మీద: రిలీవింగ్ ఆఫీసరు. సాయం అవసరమైన కారణం: గర్భిణి. భోజనంలో ఏ తరగతి: ఒక అంకె. వీటన్నిటికీ ముందు, ఎడమవైపు తేదీ పక్కనే, మరో సన్నటి గడి. దాని తలకట్టు ‘చేరాక మొదటి పూట’. అమ్మమ్మ తల్లి వరసలో అక్కడ ‘సప్పర్’ అని ఉంది, అంటే రాత్రి తిండి.

కాసేపు ఆ గడి ఎందుకో మా ఇద్దరికీ బోధపడలేదు. కుడివైపు పేజీలో దాని జోడీ కనిపించాక తెలిసింది: ‘వెళ్ళేముందు చివరి పూట’. మనిషి మధ్యాహ్నం దాటాక చేరితే ఆ రోజు మధ్యాహ్నం భోజనం లెక్కలోకి రాకూడదు. పొద్దున గంజి తాగి వెళ్ళిపోతే ఆ ఒక్క గంజే ఖర్చు రాయాలి. రేపు ఆడిటరు వస్తాడు, అన్ని రొట్టెలు ఎవరు తిన్నారని అడుగుతాడు. అందుకని ఒక పందొమ్మిదేళ్ళ పిల్ల నిండు నెలలతో చలిలో నడిచి వచ్చి ఏ పూట గేటు దాటిందో నూట పాతికేళ్ళ తర్వాత మాకు తెలిసింది. మా నాన్న పుట్టిన రోజు తిథి తప్ప తేదీ తెలియదు నాకు. ఈవిడ ముత్తవ్వ వంట్లో పడిన గరిటెడు గంజికి వేళతో సహా రుజువుంది.

ఈ వెతుకులాటలో నాకు అన్నిటికన్నా వింతగా తోచింది అదే. భూమి ఉన్నవాడికి దస్తావేజులుంటాయి, ఆస్తి ఉన్నవాడికి వీలునామా ఉంటుంది. కూలినాలి చేసుకుని ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బతికి చచ్చిపోయినవాడికి ఏమీ ఉండదు, పుట్టుకా చావుల నమోదూ, జనాభా లెక్కల్లో పదేళ్ళకో వరసా తప్ప. చెయ్యి చాపినవాడి గురించి మాత్రం పుటలకు పుటలు. పేదవాడి మీద ప్రేమతో కాదు, పైసా ఎక్కువ పోతుందేమోనన్న భయంతో. వర్క్‌హౌస్ ఎంత పిసినారిదైతే దాని రిజిస్టరు అంత నిండుగా ఉంటుంది. ఆ పిసినారితనమే ఇవాళ ఎన్నో ఇంగ్లీషు కుటుంబాలకు వంశచరిత్ర అయి కూర్చుంది.

బిడ్డ కూడా ఆ పుస్తకంలోకే వచ్చింది. పుట్టిన రోజున ‘చేరిక’ కింద, ‘ఇక్కడే పుట్టింది’ అన్న మాటతో. మార్చిలో తల్లీబిడ్డలిద్దరూ ‘సొంత కోరిక మీద’ విడుదల. పదకొండు రోజులకు మళ్ళీ చేరిక, ఇద్దరూ. మేలో విడుదల. జూన్‌లో మళ్ళీ. ఇలా లోపలికీ బయటికీ తిరిగేవాళ్ళంటే గార్డియన్లకు ఒళ్ళు మంట, పని దండగని. చదువుతుంటే నాకు కనిపించింది వేరు. చంకలో పసిపిల్లతో ఎవరు పనిలో పెట్టుకుంటారు? ఆ పదకొండు రోజులు ఎవరి గుమ్మాలు ఎక్కి దిగిందో పుస్తకం చెప్పదు. తిరిగి వచ్చిన పూట మాత్రం చెబుతుంది. మళ్ళీ సప్పరే.

చార్లీ చాప్లిన్ తల్లి కూడా ఇలాగే చేసింది. ఆమెనూ ఇద్దరు కొడుకుల్నీ లండన్‌లోని లాంబెత్ వర్క్‌హౌస్‌లో చేర్చుకున్నారు, చాప్లిన్‌కు అప్పటికి పదేళ్ళు నిండలేదు. పిల్లల్ని దూరంగా ఓ బడికి పంపేశాక, ఒక రోజు ఆమె విడుదల కోరి పిల్లల్ని రప్పించుకుని, కెనింగ్టన్ పార్కులో పొద్దంతా వాళ్ళతో ఆడి, సాయంత్రం టీ వేళకు మళ్ళీ వర్క్‌హౌస్ గేటు దగ్గరికి తీసుకొచ్చింది. సిబ్బంది మండిపడ్డారు, బట్టలన్నీ మళ్ళీ ఆవిరి పట్టాలని. పెద్దయ్యాక చాప్లిన్ తన ఆత్మకథలో ఇది రాసుకున్నాడు. రిజిస్టరులో అదంతా ఒక విడుదల, ఒక చేరిక.

వర్క్‌హౌస్‌లో పుట్టిన బిడ్డ అంటే అందరికీ ఆలివర్ ట్విస్ట్ గుర్తొస్తాడు. హార్డీ అనే ఇంగ్లీషు రచయిత 1874 నవలలో ఫానీ రాబిన్ కూడా అక్కడే కనింది. ఆలివర్ తల్లీ, ఫానీ ఇద్దరూ కని చచ్చిపోయారు. నవలాకారుడికి చావుతో పని సులువవుతుంది. నిజం తల్లుల్లో చాలామంది బతికారు. బతికి, కొన్నాళ్ళకే లేచి బట్టలుతికారు. వాళ్ళ కథ ఎవరూ రాయలేదు కనుక రిజిస్టరే దిక్కు.

దొరకనివీ చెప్పాలి. జనాభా లెక్కల్లో పేరుపేరునా వివరాలు 1841 నుంచి ఉన్నాయి గానీ, కొన్ని వర్క్‌హౌస్‌ల మాస్టర్లు లోపలివాళ్ళకు పేర్ల బదులు పొడి అక్షరాలు వేసి చేతులు దులుపుకున్నారు. జె.బి., పనిమనిషి, ఇరవై. అలాంటి చోట గోడకు తల కొట్టుకోవడమే. 1921 లెక్కలు 2022లో జనానికి తెరిచారు, 1931వి 1942 అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. వర్క్‌హౌస్ గుడిలో నామకరణం జరిగితే ఆ పుస్తకంలో తండ్రి వృత్తి రాయాల్సిన చోట ‘పెళ్ళికాని స్త్రీ’ అని ఉంటుంది, అంతే. ఇక ఇంటి పెద్దలు చేసే మాయ వేరు. కూతురి బిడ్డను తమ బిడ్డగా లెక్కల్లో రాయించుకున్న అమ్మమ్మలు కోకొల్లలు. నవలా రచయిత్రి కాథరిన్ కుక్సన్ తన కన్నతల్లిని అక్క అనుకుంటూ పెరిగింది. నలభై ఎనిమిదేళ్ళావిడకు పెద్ద పిల్లలున్న చాలా ఏళ్ళ తర్వాత ఓ బిడ్డ కనిపిస్తే, ఇంట్లో ఇరవై ఏళ్ళ కూతురుందేమో చూడండి. అలాగని వర్క్‌హౌస్‌లో పుట్టినవాళ్ళందరి కథా ఇదేననుకోకూడదు. పందొమ్మిదో శతాబ్దం చివరికి చాలాచోట్ల బీదవాళ్ళకు ఆసుపత్రి అంటే వర్క్‌హౌస్ వైద్యశాలే. కాన్పు కష్టమై వచ్చిన పెళ్ళయిన ఆడవాళ్ళూ ఉన్నారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి డెబ్బైల మొదట్లో నేను ఇంగ్లండ్ వచ్చేసరికి, మనవాళ్ళకు సర్జరీలోనో కార్డియాలజీలోనో చోటు దొరకడం కనాకష్టం. ముసలివాళ్ళ వైద్యంలో మాత్రం ఖాళీలే ఖాళీలు, ఇంగ్లీషు డాక్టర్లు అటు తొంగి చూసేవారు కాదు. ఆ వైద్యానికి ఈ దేశంలో ఆద్యురాలు మార్జరీ వారెన్ 1935లో తన పని మొదలుపెట్టిందే ఒక పాత వర్క్‌హౌస్ వార్డుల్లో. 1930లో గార్డియన్ల బోర్డులు రద్దయ్యాయి, 1948 జులైలో జాతీయ ఆరోగ్య సేవ వచ్చింది, ఆ భవనాలు చాలావరకు ఆసుపత్రులయ్యాయి. లీడ్స్‌లోని పెద్దాసుపత్రి సెయింట్ జేమ్సెస్ అలా పెరిగిందే; 1861 నాటి దాని వర్క్‌హౌస్ భవనంలో ఇప్పుడు థాక్రే వైద్య మ్యూజియం ఉంది. భారత ఉపఖండం నుంచి వచ్చిన డాక్టర్లలో ఎందరో, వాళ్ళలో తెలుగువాళ్ళూ, బతుకంతా గడిపింది ఇలాంటి గోడల మధ్యే.

మతి ఎంత నిలకడగా ఉందో చూడటానికి మాకు పది ప్రశ్నల పరీక్ష ఒకటుండేది. 1972లో హాడ్కిన్సన్ అనే డాక్టరు కూర్చినది. వయసెంత, ఇది ఏ సంవత్సరం, సింహాసనం మీద ఎవరు, ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టు, ఇలా. అందులో ఒక ప్రశ్న: ఈ చోటు పేరేమిటి? ఆసుపత్రి పేరు చెబితే ఒక మార్కు. ముసలమ్మలు నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, “వర్క్‌హౌస్ కదా నాయనా” అన్నట్టు చెప్పేవారు. కొందరు దుప్పటి గట్టిగా పట్టుకుని ఏడ్చేవారు. మార్కు తీసేయాలి, నియమం ప్రకారం. పరీక్షకు తప్పైన జవాబు చరిత్రకు ఒప్పు. నేను సగం మార్కు వేసేవాణ్ణి. పరీక్షలో సగం మార్కులు లేవని మా పెద్ద డాక్టరు కోప్పడేవాడు.

వాళ్ళ భయం గంజికీ యూనిఫామ్‌కే కాదు. 1832 అనాటమీ చట్టం ప్రకారం వర్క్‌హౌస్‌లో చచ్చిపోయి ఎవరూ అడగని శవాన్ని కోతకు వైద్య కళాశాలలకు ఇచ్చే వీలుండేది. అంతకు ముందు ఆ శిక్ష ఉరితీసిన హంతకులకు ఉండేది. ఈ చట్టంతో హంతకుల చోటికి పేదవాళ్ళు వచ్చారు. మేం గుంటూరులో కోసి నేర్చుకున్నవీ ఎవరూ అడగని శవాలే కనుక నేను పెద్దగా మాట్లాడకూడదు. కానీ ఆ ముసలమ్మలు ఎందుకు దుప్పటి పట్టుకున్నారో ఆ చట్టం సంగతి తెలిశాక గానీ నాకు తెలియలేదు.

తిరిగి మా వియ్యపురాలి అమ్మమ్మ దగ్గరికి. 1897 జూన్ తర్వాత తల్లి ఒక్కతే విడుదలైంది, బిడ్డ ఉండిపోయింది. 1901 లెక్కల్లో ఆ పిల్ల అమ్మమ్మ ఇంట్లో ఉంది, బంధుత్వం దగ్గర ‘మనవరాలు’ అని నిజాయితీగా రాశారు. తల్లి అప్పటికి పాతిక మైళ్ళ అవతల గని కార్మికుణ్ణి పెళ్ళాడి, ఒడిలో ఇంకో బిడ్డతో ఉంది. 1911లో పద్నాలుగేళ్ళ ఈ పిల్ల ఓ బట్టల వ్యాపారి ఇంట్లో పనిమనిషి. అంటే తల్లి ఎక్కడ మొదలైందో కూతురూ అక్కడే మొదలైంది. ఈసారి మాత్రం కథ తిరిగింది. ఆ పిల్ల పెళ్ళి చేసుకుంది, ముగ్గుర్ని కనింది, కిరాణా కొట్టు మేడ మీద అద్దెకుంది. ఇంట్లో చెప్పుకునే కొట్టు అబద్ధం కాదు, కాస్త ముందుకు జరిపారు, అంతే.

తండ్రి ఎవరు? ఆ ప్రశ్న మా అల్లుడిది. డీఎన్‌ఏ పరీక్షకు గొట్టంలో ఉమ్మి పంపిస్తే ఇప్పుడు దూరపు దాయాదుల జాబితా వస్తుంది, వాళ్ళ వంశవృక్షాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ గీత వెనక ఎవరున్నారో చాలాసార్లు బయటపడుతుంది. డాక్టరుగా నేను కాదనలేను. గుండె జబ్బు ఏ కొమ్మ నుంచి దిగిందో తెలిస్తే మేలే. వియ్యపురాలు ఒప్పుకోలేదు. “ఆయన వచ్చి సంతకం పెట్టలేదు కదా అన్నయ్యగారూ! ఇప్పుడు ఆయన తరఫున మనమెందుకు పెట్టడం?” అంది. నాకు జవాబు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

ఆ రాత్రి మా పెదనాన్నగారు రాసి పెట్టిన మా వంశవృక్షం తీసి చూశాను. ఏడు తరాలు, చక్కని దస్తూరీ. అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళు లేకుండా ఏడు తరాలు ఎలా నడిచాయో పెదనాన్నగారికే తెలియాలి. వియ్యపురాలి కొమ్మ దానికి సరిగ్గా తలకిందులు. అక్కడ తండ్రి గీత అయ్యాడు, ఇంటి పేరు తల్లిదే దిగింది. అవమానం అనుకుని దాచిన కాగితమే ఒక ఆడమనిషిని పేరు, వయసు, పని, వేసిన ఇంటూ గుర్తుతో సహా నిలబెట్టింది. మా ఇంట్లో గౌరవంగా బతికిన ముత్తవ్వల పేర్లు ఒక్కటీ మిగల్లేదు.

పేదల్ని తూచే ఆ త్రాసు మన దాకా కూడా వచ్చింది. 1876–78 కరువులో బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు మాడిపోతుంటే, ఖర్చు తగ్గించడానికి వైస్రాయి పంపిన రిచర్డ్ టెంపుల్ కూలి మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పనికి ఇంటి నుంచి పది మైళ్ళ అవతలికి పొమ్మన్నారు, నిజంగా గతిలేనివాడే వస్తాడని. 1834 నాటి ఆ ఇంగ్లీషు సూత్రమే, ఓడెక్కి దిగింది. ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడి, కొన్ని నెలలకు పెంచేలా చేశాడు. ఆ కరువు మీద అచ్చయిన నివేదికలు నేను తిరగేశాను. ఎక్కడ ఎన్ని వేలమంది అన్న తలల లెక్క ఉంది. పేర్లు లేవు.

మనవరాలికి అంతా చెప్పాం. పదేళ్ళ పిల్ల. వర్క్‌హౌస్ అంటే ఏమిటో విని, తండ్రి పేరు గడిలో తనూ స్కేలు పెట్టి గీత గీసి, తల్లి పేరు పక్కన ‘పనిమనిషి, పందొమ్మిదేళ్ళు’ అని రాసుకుంది. నా వైపు కొమ్మలో ఆడవాళ్ళేరీ తాతయ్యా అని అడిగింది. మా చెల్లెలికి ఫోన్ చేసి, నాయనమ్మ తల్లి పేరు కనుక్కునే పనిలో ఉన్నాను.

ఇంగ్లండ్‌లో ఇప్పుడు నాలాంటి తెలుగు తాతలూ అమ్మమ్మలూ తక్కువేం కాదు. మన మనవల్లో సగం రక్తం ఏ యార్క్‌షైర్‌దో లాంకషైర్‌దో అయితే, ఏదో ఒక రోజు మీ వియ్యాలవారి ఇంట్లోంచి కూడా ఇలాంటి కవరు రావచ్చు. ‘యూనియన్ వర్క్‌హౌస్’ అని కనిపించినా, ఊళ్ళో ఎక్కడా లేని ఇంటి నంబరు కనిపించినా మడిచి లోపల పెట్టనివ్వకండి. వందేళ్ళు దాటిన రిజిస్టర్లు మామూలుగా చూడనిస్తారు. యూనియన్ పేరు, పుట్టిన నెల పట్టుకుని ఆ కౌంటీ ఆర్కైవ్స్‌కు వెళ్ళండి, చేరినవాళ్ళ మతం రాసుకున్న రిజిస్టరూ చేరికల రిజిస్టరూ రెండూ అడగండి. తండ్రి పేరు ఊహించి రాయకండి. ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఎవరైనా ఉంటే, ఇవన్నీ పక్కన పెట్టి ముందు ఆవిడ దగ్గర కూర్చోండి. రిజిస్టరు వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది.